తప్పు గడిలో బంటు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో జాలి పడాలనుకున్నవాళ్లు సరంగు మీద పడండి, ఆయన భార్య మీద పడండి. నా మీద మాత్రం వద్దు. రాస్తే మనసు తేలికపడుతుందని చాలామంది అంటారు. అదంతా ఉత్త మాట. ఇది ఇప్పటికి నాలుగుసార్లు రాసి చింపేశాను, ఒక్కసారీ తేలికపడలేదు.

డెబ్బైల చివర్లో నేను పోర్టు ఆఫీసులో గుమస్తాని. పెళ్లి కాలేదు. మద్దిలపాలెంలో బస్ డిపో వెనక ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. పగలు ఓడల కాగితాలు, సాయంత్రం చదరంగం, అంతే నా బతుకు. మా ఇంట్లో అందరూ వ్యవసాయం చేసేవాళ్లు. చదరంగం పనిలేనివాళ్ల ఆట అని మా నాన్న తీర్మానం. అందుకే కాబోలు నాకు అంత పిచ్చి పట్టింది. ఆడటం కన్నా సమస్యలు తయారు చెయ్యడం ఇంకా ఇష్టం. అందులోనూ ఒకే రకం. మన పావుని మనమే చేజేతులా శత్రువుకి ఇచ్చేసి, ఆ ఇచ్చిన దెబ్బతోనే వాడి రాజుని కట్టెయ్యాలి.

మంత్రిని ఊరికే తీసుకెళ్లి ఎదుటివాడి ముందు పెట్టినప్పుడు వాడి మొహం చూడాలి. మొదట మనల్ని వెర్రివాళ్లనుకుంటాడు. నవ్వుతాడు కూడా. పావు తియ్యడానికి చెయ్యి చాపుతాడు, సగంలో ఆగిపోతాడు. ఆ సగంలో ఆగిన చెయ్యి కోసమే నేను చదరంగం నేర్చుకున్నాను.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక చిన్న ప్రెస్సు, అందులోంచి నాలుగు పేజీల వారపత్రిక ఒకటి వచ్చేది. ఎడిటరూ, ప్రెస్సు యజమానీ ఒక్కరే, ఒక పెద్దాయన. ఆయన కాళ్లావేళ్లా పడి చివరి పేజీలో అరచెయ్యంత చోటు సంపాదించాను. దానికి 'ఇచ్చి కట్టు' అని పేరు పెట్టాను. వారానికో సమస్య. గురువారం మధ్యాహ్నాలు ఆఫీసులో చెప్పుకుని ప్రెస్సుకి వచ్చి అది ఇచ్చి, వచ్చిన కార్డులు చూసుకునేవాణ్ణి. జవాబు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. సరిగ్గా కట్టినవాళ్ల పేర్లు మరుసటి వారం వేస్తాం. అంతకుమించి బహుమతి లేదు. ఇంకో నియమం కూడా నేనే పెట్టాను. ఎవరో ఒకరు కట్టేదాకా జవాబు అచ్చు వెయ్యం. ఆ నియమం పెట్టిన రోజు నా అంత తెలివైనవాడు ఊళ్లో లేడనుకున్నాను.

ప్రతి వారం తప్పకుండా వచ్చే కార్డుల్లో ఒకటి ఫిషింగ్ హార్బర్ నుంచి. పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటీ నొక్కి నొక్కి రాసినవి. కార్డుకి చేపల వాసన. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్ ముక్కు మూసుకుని రెండు వేళ్లతో అందించేవాడు. వరసేమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు. "ఇగో బావా, మీ సరంగు ఉత్తరం." మరబోటు నడిపేవాణ్ణి మా వైపు సరంగు అంటారు. ఆయన కార్డు మీద పేరు కింద ఆ మాట కూడా రాసుకునేవాడు. జవాబు ఒక్కసారీ తప్పేది కాదు. నేను రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని తయారుచేసిన దాన్ని కూడా శనివారం చూసి సోమవారం కట్టేసేవాడు. మనిషిని చూడకుండానే ఆయన మీద నాకు కొంచెం కడుపుమంట. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈయనకి అందకుండా పెట్టాలి అనుకునేవాణ్ణి.

ఆ కోరిక తీరిన గురువారం కంపోజిటర్ రాలేదు. గవదబిళ్ళలు. మా ప్రెస్సులో చదరంగం బల్లని సీసం ముక్కలతో పేర్చేవాళ్లు, గడికో ముక్క. సీసంలో అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కాగితం మీద కుడిపక్క పడాల్సింది సీసంలో ఎడమపక్క పెట్టాలి. కంపోజిటర్‌కి అది చేతిలో పని. నేను చూసి చూసి పట్టేశాను. తిరగబడ్డ సీసాన్ని గడగడా చదవగలనని నా గొప్ప ఇంతా అంతా కాదు. "నేను పేరుస్తాను, మీరు కంగారు పడకండి," అన్నాను పెద్దాయనతో.

ఆ వారం సమస్య తేలికది. కొత్తది తయారుచేసే తీరిక లేక పెట్టాను. నల్లరాజు కుడి మూలకి ఒక గడి ఇవతల నిలబడి ఉంటాడు. అతనికీ, మూల గడికీ ముందు రెండు బంట్లు కాపలా. అదే వరసలో దూరంగా అతని ఏనుగు. తెల్లగుర్రం రాజు దగ్గరికి వచ్చేసి ఉంది, దాని వెనక ఏటవాలుగా తెల్లమంత్రి. గుర్రం పక్కకి తప్పుకోగానే గుర్రం నుంచీ మంత్రి నుంచీ ఒకేసారి చెక్. రాజు మూలకి పోవాలి, రెండో పక్కకి పోతే అప్పుడే అయిపోతుంది. అప్పుడు మంత్రిని తీసుకెళ్లి రాజు పక్కనే పెట్టి ఇచ్చెయ్యాలి. గుర్రం కాపలా ఉంది కనక రాజు తినలేడు, ఏనుగు వచ్చి తినాలి. తిన్న ఏనుగు అక్కడే రాజుకి అడ్డం నిలబడుతుంది. ముందు రెండు బంట్లూ అడ్డమే. గుర్రం వెనక్కి గెంతి చెక్ అంటే రాజుకి కదలడానికి గడి ఉండదు. మూడెత్తుల్లో ఆటకట్టు. ఆటలో కాస్త నలిగినవాళ్లెవరైనా టీ తాగుతూ చెప్పేస్తారు.

రాజుని తిప్పి పెట్టాను. ఏనుగుని, గుర్రాన్ని, మంత్రిని తిప్పి పెట్టాను. ఆఖరికి మూల దగ్గరుండే బంటు ఒకటి చేతిలో మిగిలింది. దాన్ని తిప్పడం మర్చిపోయాను. రాజు దగ్గర ఉండాల్సిన బంటు బల్లకి ఆ చివర ఎక్కడో పడింది. మిషన్‌మేన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి "ప్రూఫ్ తియ్యమంటారా?" అని అడిగాడు. "అక్కర్లేదు. నాకు సీసంలోనే కనపడుతుంది," అన్నాను. ఆ మాట ఇన్నేళ్లుగా నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

శనివారం పత్రిక విప్పి చూశాను. మూల గడి ముందు బంటు లేదు, ఖాళీ. ఎవరు ఎన్ని ఇచ్చినా, ఎలా కట్టబోయినా రాజు ఆ గడిలోకి అడుగు పెట్టి తప్పించుకుంటాడు. మూడెత్తుల్లో కాదు, ఆ రకంగా ఎన్నెత్తుల్లోనైనా కట్టు లేదు.

సవరణ వెయ్యాలి. ఎవడైనా అదే చేస్తాడు. కానీ పెద్దాయన మొదట్లోనే అని ఉన్నాడు, "ఒక్క తప్పొచ్చిందంటే ఆ చోట్లో వారఫలాలు వేసుకుంటాను, జనం చదువుతారు," అని. పైగా ప్రూఫ్ వద్దన్నది నేను. తల కొట్టేసినట్టుంటుంది కదా. ఆ వారం రెండు కార్డుల్లో పాఠకులు 'బంటు గడి తప్పినట్టుంది, చూసుకోండి' అని మర్యాదగానే రాశారు. ఒకటి మల్కాపురం నుంచి, రిఫైనరీలో పనిచేసే ఆయన. రెండిటినీ చింపి చెత్తబుట్టలో పడేశాను. గవదబిళ్ళలు తగ్గి వచ్చిన కంపోజిటర్ పాత పత్రిక చూసి "ఇదేటి బావా, ఈ బంటు ఇక్కడుందేటి?" అన్నాడు. "నోరు ముయ్యి," అన్నాను. నోరు మూసుకున్నాడు, పాపం.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మరుసటి వారం కొత్త సమస్య కింద నా చేత్తో ఇలా రాసి అచ్చు వేయించాను: 'గత వారం సమస్య కఠినమైనది. ఇంతవరకు ఎవరూ సాధించలేకపోయారు. ప్రయత్నించండి.' ఎంత పొగరు చూడండి. తప్పు కప్పుకోవడానికి దాన్నే కిరీటంలా పెట్టుకున్నాను.

ఆ వారం సరంగు కార్డు వచ్చింది, ఒక ఎత్తు రాసి, దాని కింద ఇలా: 'ఇది కాదు అని నాకే తెలిసింది. మళ్ళీ రాస్తాను.' ఆ తర్వాత వారం ఇంకో ఎత్తు. దాని కింద మళ్ళీ అదే ముక్క. కొత్త సమస్యలకి జవాబులు రావడం ఆగిపోయింది. వచ్చినదల్లా ఆ పాతదాని మీదే. గుర్రాన్ని ఇచ్చి చూశానని ఒక వారం. మంత్రిని మొదటే ఇచ్చి చూశానని ఒక వారం. ఒకసారి ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చేసి, చివరికి తెల్లరాజు ఒక్కడే మిగిలాడని రాసి, కింద 'నవ్వకండి' అని రాశాడు. నేను నవ్వలేదు.

గురువారం వస్తోందంటే భయం వేసేది. పోస్ట్‌మేన్ సైకిల్ సందు మలుపు తిరిగితే లోపలికి పోయి కాగితాల కట్టల వెనక నిలబడేవాణ్ణి. అయినా ఆ కార్డు వచ్చేది, ఆ వాసన వచ్చేది. ఇంకో సంగతి సిగ్గు విడిచి చెబుతాను. నేను కూడా వెతకడం మొదలుపెట్టాను. ఆ తప్పు బల్లకే ఎక్కడో ఒక కట్టు దొరికితే నేను బతికిపోతాను కదా! ఆఫీసులో ఓడల లెక్కల మధ్య కాగితం పెట్టుకుని ఆ బల్ల గీసేవాణ్ణి. లేదని తెలుసు. తెలిసీ వెతికాను. ఊరికి ఆ చివర హార్బర్లో ఆయన కట్టు ఉందని నమ్మి, ఇక్కడ నేను లేదని తెలిసి, ఇద్దరం ఒకే గడి మీద కళ్లు పెట్టుకుని ఏడాదికి పైగా కూర్చున్నాం. గోడకి ఒక పెంకు ఊడిపోయి కనపడినా, బస్సులో ఒక సీటు ఖాళీగా ఉన్నా నాకు ఆ గడే గుర్తొచ్చేది.

ఒక గురువారం మధ్యాహ్నం ఖాళీ గంప చంకన పెట్టుకుని ఒకామె ప్రెస్సు గుమ్మంలో నిలబడింది. మార్కెట్లో చేపలు అమ్ముకుని వస్తోంది. "సదరంగం రాసీ బాబు ఎవలు?" అంది.

"నేనేనమ్మా."

"నువ్వా? ఇంత సిన్నోడివా! ఏ ముసిలాయనో అనుకున్నాను. మా మావ నిన్ను దేవుడిలాగ సెప్తాడు." నా మొహంలో ఏమీ కనపడకపోయేసరికి తనే చెప్పింది. "హార్బర్లో సరంగు. కార్డులు రాత్తాడు కదా, ఆయన ఇంటిదాన్ని."

ఆమె గడప మీద కూర్చుంది.

"మా మావకి బోటు మీద తుంటి ఇరిగి మూడేళ్లయినాది బాబూ. ఇంక సముద్రం మీదకి ఎల్లనేడు. మొదట్లో గోడేపు తిరిగి తొంగునీవోడు. మాట నేదు, పలుకు నేదు. బతికి ఏటి నాభం అనీవోడు. ఎవలో ఈ ఆట బల్ల తెచ్చి ముందర పెట్టినారు. ఆ ఆటే ఆయన్ని మళ్ళీ మనిసిని సేసినాది. సేపల ఏలం అయిపోగానే బోట్లోల్లందరూ ఆయన వల కుట్టుకునీ కాడకి వచ్చీవోరు. సరంగూ, సరంగూ అని సుట్టూ మూగీవోరు. ఇప్పుడు ఎవల్తోటీ ఆడడు."

"ఎందుకని?"

"నీ సమస్య వల్లే. అది కట్టీదాకా ఇంకొకలితోటి ఆట ముట్టనని అందరి ముందర వల మీద సెయ్యేసి ఒట్టేసినాడు. మా వోల్లకి వల మీద ఒట్టంటే ఆట కాదు. జనం ఎంతకాలం సూత్తారు? రావడం మానీసినారు. మళ్ళీ గోడేపు తిరిగిపోనాడు బాబూ. ఆ జవాబొక్కటీ సెప్పీ. నీ కడుపున పుడతాను."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. జవాబు లేదమ్మా, తప్పు నాది అని ఒక్క ముక్క. "జవాబు ముందే చెప్పకూడదమ్మా, అలా నియమం ఉంది. చూస్తాను," అని నీళ్లు నమిలాను. ఆమె లేచింది. గంప అడుగున కాగితంలో చుట్టిన రెండు వంజరం ముక్కలు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. కంపోజిటర్ వాటి వంక చూసి, నా వంక చూసి, "ఎల్లి సెప్పీ బావా. పాపం మూటగట్టుకోకు," అన్నాడు. ఆ చేపలు నేను ముట్టుకోలేదు, కంపోజిటర్నే తీసుకుపొమ్మన్నాను.

వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. మొహం చెల్లలేదు. రోజూ బయల్దేరడం, బస్టాపు దాకా పోవడం, వెనక్కి రావడం. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. చేపల వేలం ఎప్పుడో అయిపోయింది. బోట్లు పక్కపక్కన కట్టేసి ఉన్నాయి, ఐస్ ఫ్యాక్టరీ ముందు నీళ్లు కారుతున్నాయి. సరంగు ఇల్లు హార్బర్ వెనక వరసలో. ఆయన గోడకి దగ్గరగా పీట మీద కూర్చుని ఉన్నాడు, ముందు బల్ల. బల్ల మీద నా తప్పు. ఏ పావు ఎక్కడ అచ్చు వేశానో అక్కడే.

నేనెవరో చెప్పగానే లేవబోయాడు. తుంటి సహకరించక గోడ పట్టుకున్నాడు. "ఇచ్చి కట్టు బాబువా! నా ఇంటికొచ్చినావా! ఒలే, పీటెయ్యి, పీటెయ్యి!" భార్య పీట వేసి గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నేను గొంతు విప్పేలోపు ఆయనే బల్ల చూపించాడు. "అన్నీ ఇచ్చి సూసినాను బాబూ. ఎటు కట్టినా రాజు ఇగో ఈ గడిలోకి వచ్చి కూకుంటాడు." ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. "ఈ గడిలో ఏటో ఉంది. నువ్వు ఇక్కడే ఏటో దాసినావు. నాకు తెలుత్తంది గానీ అందటం నేదు."

"ఆ గడిలో బంటు ఉండాలి, సరంగుగారూ. అచ్చులో తప్పు పెట్టాను. తప్పు నాదే," అన్నాను. బల్ల ఆ చివర ఉన్న బంటుని తీసి ఇక్కడ పెట్టాను.

ఆయన బంటు వంక చూశాడు. నిమిషం కూడా పట్టలేదు. "గుర్రం చెక్కు. మంత్రినిచ్చీ. గుర్రం కట్టు," అన్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూసి మెల్లిగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకర్థమైంది, పని చెడిందని.

"మా ఆడది నీ కాడకి వచ్చినాది కదా? నాకు తెలుసు. ఆ రోజు రెండు ముక్కలు తగ్గినాయి గంపలో."

"వచ్చింది. కానీ దానికీ దీనికీ సంబంధం లేదండీ. నిజంగా తప్పే."

"బాబూ, ఈ బంటు ఇక్కడుంటే ఇది సిన్నపిల్లల సమస్య. ఇలాటిదాన్ని నువ్వు 'కఠినమైనది, ఇంతవరకు ఎవరూ సాధించలేకపోయారు' అని అచ్చేయిత్తావా? ఆ ముక్క నాకు నోటికొచ్చు. నువ్వు అలాటోడివి కాదు."

"అలాంటివాణ్ణే! ఇద్దరు పాఠకులు తప్పని రాస్తే ఆ కార్డులు చింపేశాను. నా పరువు పోతుందని అలా రాశాను!" గొంతు పెంచేశాను. కోపం ఎవరి మీదో తెలీదు.

"ఎంత కత అల్లినావు నాకోసం!" అన్నాడు, నిజంగా మురిసిపోతూ. "నాను అచ్చరాలు నేర్సుకున్నదే పేపరు సూసి బాబూ. అచ్చులో పడ్డాక అది తప్పెలాగవుతాది?"

"ఒట్టు, సరంగుగారూ."

"ఒట్టెయ్యకు! నా మీద జాలితోటి అబద్దపు ఒట్టేత్తే ఆ పాపం నీకు సుట్టుకుంటాది." ఆ మాట మాత్రం గట్టిగా అన్నాడు. వంగి, బంటుని తీసి మళ్ళీ బల్ల ఆ చివర పెట్టేశాడు.

అక్కణ్ణుంచి పరుగులాంటి నడకతో ఎడిటర్ పెద్దాయన దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, "ఏడాదిగా నా పత్రికలో నా మొహాన మసి పూస్తున్నావన్న మాట," అన్నాడు. సవరణ వేస్తానన్నాడు. ఆ పైవారం నుంచి నా చోట్లో వారఫలాలు. సవరణ నేనే రాశాను. బొమ్మ సరిచేసి, తప్పు శీర్షిక రాసేవాడిదని, కఠినమైనదన్నది కూడా అబద్ధమని, అంతా. ఈసారి ప్రూఫ్ మూడుసార్లు తీయించాను. అచ్చయింది కదా, ఆయన అచ్చుని నమ్ముతాడు కదా, అనుకున్నాను. అంత ఆశ నా బతుకులో మళ్ళీ దేని మీదా పెట్టుకోలేదు.

ఆ తర్వాత రెండో గురువారం కార్డు వచ్చింది. అది చించలేదు. 'పేపరు చూశాను. ఒక ముసలి సరంగు కోసం చెయ్యని తప్పు మీ మీద వేసుకున్నారు. అందరూ చదివే కాగితంలో మిమ్మల్ని మీరు అబద్ధీకుడని రాసుకున్నారు. మీ శీర్షిక కూడా పోయిందని ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా చెప్పాడు. నా మూలంగా ఇంత జరగకూడదు. నేను ఓడిపోయాను. ఇక వెతకను. మీరు సుఖంగా ఉండాలి.'

ఆ ఆదివారమే హార్బర్‌కి పోయాను. దూరం నుంచి చూస్తే ప్రాణం లేచొచ్చింది. వలల కుప్ప దగ్గర జనం మూగి ఉన్నారు, ఆట నడుస్తోంది, కేకలు, నవ్వులు. దగ్గరికి వెళ్లి చూస్తే బల్ల ఆయనదే. ఆడుతున్నది వేరేవాళ్లు. ఆయన కొంచెం ఎడంగా, వాళ్లకి వీపు పెట్టి వల కుట్టుకుంటున్నాడు. "సరంగూ, ఒక్క ఎత్తు సెప్పు," అని ఎవరో అరిచారు. ఆయన తల తిప్పలేదు.

"మీరు ఆడరా?" అని అడిగాను.

"ఎలాగాడతాను బాబూ? కట్టీదాకా ముట్టనని కదా ఒట్టేసినాను. కట్టనేదు కదా." కోపం లేదు, ఏమీ లేదు. నాకు టీ తెప్పించాడు. నా ఉద్యోగం గురించి, మా నాన్న పొలం గురించి అడిగాడు. వెనక పావు బల్ల మీద టక్కుమన్నప్పుడల్లా ఆయన సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది, మళ్ళీ కదిలేది.

కొన్నాళ్లకి వలల దగ్గరికి రావడం కూడా మానేశాడని కంపోజిటర్ ద్వారా తెలిసింది. నేను వెళ్లలేదు. వెళ్తే నన్ను చూసి మళ్ళీ మర్యాదగా నవ్వుతాడు, అది నేను భరించలేను. ఎనభైల్లో స్టీల్ ప్లాంటు పనులు జోరందుకున్నాక అక్కడ ఉద్యోగం దొరికి అటు మకాం మార్చాను. చదరంగం బల్ల ఇంట్లో పెట్టుకోలేదు. మా ఆవిడ అడిగితే తలనొప్పి వస్తుందన్నాను.

పెళ్లయిన రెండేళ్లకి, ఇంట్లో ఏదో శుభకార్యం వచ్చి, ఎక్కువ చేపలు కావాలంటే తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్లాను. వేలానికి జనం చేరుతున్నారు. గంపల వరసలో ఆమె కనపడింది. తప్పించుకుపోదామనుకున్నాను గానీ ఆమె నన్ను ముందే చూసేసింది.

"సదరంగం బాబు కదూ!"

"సరంగుగారు ఎలా ఉన్నారమ్మా?"

"ఎలిపోనాడు బాబూ. నిరుడు వానల్లో. జ్వరం వచ్చినాది, మందు తాగనన్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "ఇప్పుడు ఆయన నేడు కదా. నాకు సెప్పు. ఆ బంటు సంగతి నిజమేనా?"

"నిజమే. ఆ రోజు ఆయనతో చెప్పినదంతా నిజమే."

ఆమె గంప కింద పెట్టేసింది. "అయితే నిన్ను అడగడానికి నాను రాకపోయుంటే మావ నమ్మీవోడు," అంది. "నాను వచ్చినాను గాబట్టే జాలనుకున్నాడు. నానే సెడగొట్టినాను."

"కాదమ్మా! నీ తప్పు ఇసుమంత కూడా లేదు. అంతా నాదే. మొదటి వారమే చెప్పాల్సింది, భయపడి దాచాను. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ మాట అనుకోకు."

చీకట్లో నా మొహం సరిగ్గా కనపడక కాబోలు, ఆమె దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. తడిచెయ్యి, చల్లగా ఉంది. "ఊరుకో బాబూ, నన్ను ఓదార్సకు," అంది. "మావ సెప్తూనే ఉండీవోడు, ఆ బాబు ఎవలి తప్పయినా తన మీదేసుకుంటాడని."

వేలం కేక మొదలైంది. ఆమె నా చెయ్యి వదిలేసి, గంప ఎత్తుకుని జనంలోకి వెళ్లిపోయింది.